దండం బొమ్మ

ఆదోనిలో మేడమీది గది.
కిటికీ తెరిస్తే జిన్నింగు మిల్లు పత్తినూగు
లాప్‌టాప్ మీద వాలుతుంది.
మూస్తే ఉక్క.
నేను మూసుకునే చెబుతాను బీజగణితం,
సాయంత్రం ఆరునుంచి ఏడుదాకా.

తెర మీద ముప్పై ఒక్క గళ్ళు.
ఇరవై ఆరింటిలో మొహాలుండవు,
పేర్ల మొదటి అక్షరాలుంటాయి.
"అర్థమైందా?" అంటాను.
ఆ ప్రశ్నకి "ఊఁ" తప్ప
పిల్లల దగ్గర వేరే జవాబు ఉండదని
నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

బ అక్షరం బజారిది.
కోసిగి పిల్లోడు. తొమ్మిదో తరగతి.
జనవరి నుంచి లెక్క ఒక్కటీ పంపలేదు.
పేరు పెట్టి పిలిస్తే
గడి చుట్టూ పచ్చగీత ఒక్కసారి మెరిసి
ఆరిపోయేది.

నేను పద్ధతి గలవాణ్ణి.
ఇంటికి మెసేజ్ రాశాను.
గౌరవనీయులైన తల్లిదండ్రులకు అని మొదలుపెట్టి
గైర్హాజరు, అశ్రద్ధ, తగు చర్య...
నాలుగు పేరాలు, కామాలతో సహా.
రెండు నీలి టిక్కులు పడ్డాయి.
కాసేపటికి దండం పెట్టే చేతుల బొమ్మ.

మళ్ళీ రాశాను, కొంచెం కటువుగా.
మళ్ళీ దండం.
మూడోసారి రాసినదానికి
దండంతో పాటు ఒక గులాబీ.
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వారం తర్వాత ఫోను.
వెనక ఎవరో కట్టెలు విరుస్తున్న చప్పుడు.

"సారూ, బజారిగాని అమ్మను, ఉరుకుందమ్మను.
గుంటూరు సైడు సుగ్గికి వచ్చినాము సారూ,
మిరక్కాయలు తెంపేకి.
వాన్ని ఊర్లో ఎవురికాడ ఇడ్సాల? తెచ్చుకుంటిమి.
నువ్వు మూడుతూర్లు రాసినావంట
మా వాడు బాగా సదువుతాడని.
మాకు అచ్చరం ముక్క రాదు, వాడే సదివి చెప్పినాడు.
వాళ్ళ నాయన ఆ పొద్దు
కూలోళ్ళందరికీ బెల్లం పంచినాడు సారూ.
మా ఇంటికి మంచిమాట రాసినోళ్ళు
ఇంతవరకూ ఎవురూ లేరు."

చెవి దగ్గర ఫోను వేడెక్కింది.
గైర్హాజరు అన్న మాట నాలుక చివర ఉంది.
అది ఈమెకి ఎట్లా చెప్పాలి?
మా అమ్మ బతికుంటే ఎట్లా చెప్పేది?
"వాడు క్లాసులేకి రాల్యా" అనేది. అంతే.
మరి ఆ నాలుగు పేరాలు
నేను ఎవరికి రాసినట్టు?

"తిన్న్యారామ్మా?" అన్నాను.
"ఇంగ తింటాము సారూ. నువ్వు తింటివా?"
"వాడూ కాయలు తెంపుతాడా?"
కట్టెల చప్పుడు ఆగింది.
"పొద్దున పూట... మైకు తీస్తే దగ్గొస్తాదంట సారూ,
మిరప ఘాటుకి.
పిల్లోళ్ళు నగుతారని తియ్యడు."

"వానికియ్యమ్మా ఫోను."

అవతల ఊపిరి ఒక్కటే.
"నా మెసేజ్ బాగా చదివినావు బజారీ" అన్నాను.
ఆ ఊపిరీ ఆగిపోయింది.
"అసలుది మీ అమ్మకి నేనే చెప్తా.
నువ్వు పక్కనే ఉండు."

మరునాడు గొంతు రికార్డు చేసి విన్నాను.
గుంతకల్లు జంక్షన్‌లో
రైలు ఆలస్యానికి చింతించే గొంతు.
చెరిపేశాను.
రెండోది ఇన్స్పెక్టరు. మూడోది పంతులు.
అయిదోసారికి మా వీధి మాట దొరికింది:

"ఉరుకుందమ్మా, మీ వానికి తెలివుంది.
నెల దినాలుగా లెక్కలు చేయల్యా.
మెసేజులో నేను రాసింది అదే, వాడు వేరే చదివినాడు.
కొట్టొద్దు.
రాత్రి ఎనిమిదికి ఫోను అర్ధగంట వానికియ్యండి.
నేను ఉంటా."

నీలి టిక్కులు పడ్డాయి.
దండం రాలేదు.
ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు.
బెల్లం తిన్నవాళ్ళకి వాళ్ళ నాయన
ఏం చెప్పుకున్నాడో.

మూడోరోజు ఎనిమిదీ పదికి
తెర మీద ఒక్కటే గడి.
పచ్చగీత వెలిగింది.
దగ్గు, దగ్గు మీద దగ్గు,
దాని కింద సన్నగా
"ఎక్స్ విలువ... పద్నాలుగు సార్."

తప్పు. మైనస్ మరిచిపోయినాడు.

లేచి కిటికీ తెరిచాను.
పత్తినూగు లోపలికొచ్చింది.
నేనూ దగ్గాను.
అవతల చిన్న నవ్వు.

"ఇంకోసారి చెప్పు బజారీ,
మెల్లగా."